కారు ఏసీలో వేడిగాలి: గ్యాస్ ఒక్కటే కారణమా?

మార్చి దాటి ఎండలు ముదిరేసరికి మన ఊళ్లలో కారు ఏసీ షాపుల ముందు బళ్లు బారులు తీరతాయి. వచ్చినవాళ్లలో చాలామంది అనే మాట ఒకటే: "ఏసీ వేడిగాలి కొడుతోందన్నా, గ్యాస్ పట్టించాలి." రోగమేమిటో, మందేమిటో రెండూ బండి ఓనరే చెప్పేశాక మెకానిక్‌కు వేరే వెతకాల్సిన అవసరం కనిపించదు. గంటలో గ్యాస్ ఎక్కుతుంది, గాలి చల్లబడుతుంది, బిల్లు కట్టి వెళ్లిపోతారు. కొన్ని వారాలకో, మరుసటి వేసవికో అదే బండి మళ్లీ అదే షాపు ముందు ఆగుతుంది.

దీనికంతటికీ మూలం, ఏసీలో గ్యాస్ కూడా పెట్రోలులాగే వాడేకొద్దీ అయిపోతుందన్న నమ్మకం. అది నిజం కాదు. కారు ఏసీ మూసి ఉన్న వలయం. అందులో గ్యాస్ తిరుగుతుంది తప్ప ఖర్చు కాదు. తగ్గిందంటే ఎక్కడో కారిపోతోందన్నమాట. అసలు వేడిగాలికి గ్యాస్‌తో సంబంధం లేని కారణాలు కూడా బోలెడున్నాయి. వాటిని వెతకకుండా సిలిండర్ తగిలించడం వైద్యం కాదన్నది నా నిశ్చితాభిప్రాయం. ఆ కారణాలేమిటి, వాటిని ఎలా పట్టుకోవాలి, రిపేరు ఎక్కడ దారి తప్పుతోంది, రేపటి గ్యాస్ ఏమిటి అన్నవి ఒకచోట చేర్చి చూడటమే ఈ వ్యాసం పని.

కారులో ఏసీ అంటే విలాసం అనుకునే రోజులు పోయాయి. రెంటచింతల, రామగుండం, ఖమ్మం లాంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీలు తాకడం కొత్త సంగతి కాదు. ఆ ఎండలో రోజంతా స్టీరింగ్ పట్టుకునేవాళ్లకు అది ఆరోగ్య సమస్య, బతుకుతెరువు సమస్య. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ క్యాబ్ డ్రైవర్లు 'నో ఏసీ' అంటూ ఆందోళనకు దిగారు. తమకు ముట్టే కిలోమీటరు రేటులో ఏసీ ఖర్చు గిట్టడం లేదన్నది వాళ్ల గోడు. లారీల విషయంలో కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ సరుకు వాహనాల డ్రైవర్ క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి అయింది. లారీ డ్రైవర్లకు ఎప్పుడో దక్కాల్సిన న్యాయం ఇది. అయితే హైవే పక్క షెడ్లలో ఏసీ పని తెలిసినవాళ్లు లేకపోతే రెండేళ్లు తిరిగేసరికి ఆ క్యాబిన్లు మళ్లీ కొలిమిలే అవుతాయి.

వేడిని మోసుకెళ్లే వలయం

కొత్త కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో తెలిస్తే ఏసీ సూత్రం తెలిసినట్టే. పైకి చెమర్చిన నీరు ఆవిరవుతూ తనతోపాటు వేడిని పట్టుకుపోతుంది. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే కార్లలో ఎక్కువ వాటిలో ఆ పని చేసేది ఆర్-134ఎ అనే రసాయనం. మామూలు గాలి పీడనంలో అది మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. డాష్‌బోర్డు లోపల దాగి ఉండే ఇవాపరేటర్‌లో, మెకానిక్‌ల మాటలో కూలింగ్ కాయిల్‌లో, ఆ ద్రవం మరిగి ఆవిరవుతూ క్యాబిన్ గాలిలోని వేడిని లాగేసుకుంటుంది. ఇంజిన్ బెల్టుతో తిరిగే కంప్రెసర్ ఆ ఆవిరిని పీల్చి, గట్టిగా ఒత్తి, సలసల కాగే ఆవిరిగా ముందుకు తోస్తుంది. రేడియేటర్ ముందు ఉండే కండెన్సర్‌లో ఆ వేడి బయటి గాలిలోకి పోయి ఆవిరి తిరిగి ద్రవమవుతుంది. డ్రయర్ అందులోని తేమను పట్టి ఉంచుతుంది. చివర ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నటి సందు గుండా ద్రవాన్ని తక్కువ ఒత్తిడిలోకి వదిలితే, కాయిల్‌లో మళ్లీ మరగడం మొదలవుతుంది. చిన్న కార్లలో ఈ పనంతా చేసే గ్యాస్ చాలావరకు అరకిలోకు లోపే. ఆ కొద్ది గ్రాములే నిమిషానికి పలుమార్లు వలయం చుట్టి వస్తాయి.

అంటే ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. లోపలి వేడిని తీసుకెళ్లి బయట దింపుతుంది. వేడిని తీసుకునే చోట గానీ, మోసే దారిలో గానీ, దింపే చోట గానీ అడ్డంకి వస్తే గాలి వేడిగానే వస్తుంది. గ్యాస్ తగ్గడం ఆ అడ్డంకుల్లో ఒకటి మాత్రమే.

ఇక్కడ ఒక మినహాయింపు ఒప్పుకోవాలి. రబ్బరు గొట్టాల గుండా, కంప్రెసర్ షాఫ్ట్ సీల్ దగ్గర గ్యాస్ అతి సన్నగా ఏళ్ల తరబడి జారిపోతూ ఉంటుంది. పదేళ్లుగా ముట్టుకోని బండికి ఒకసారి గ్యాస్ సరిచేయాల్సి వస్తే అందులో వింత లేదు. కానీ ఏటేటా పట్టించాల్సి వస్తోందంటే అది లీకే.

ఎప్పుడు వేడెక్కుతోంది?

గేజీలు తగిలించే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. వేడిగాలి ఎప్పుడు వస్తోంది, ఎంతసేపటికి వస్తోంది అన్నదానిలోనే సగం జవాబు ఉంటుంది. మంచి మెకానిక్ బానెట్ ఎత్తే ముందే ఓనర్ చేత ఇది చెప్పిస్తాడు.

హైవే మీద చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర ఆగగానే వేడెక్కితే ముందుగా అనుమానించాల్సింది కండెన్సర్ ఫ్యాన్‌ను. బండి పరిగెడుతున్నప్పుడు ఎదురుగాలే కండెన్సర్‌ను చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ భారమంతా ఫ్యాను మీద పడుతుంది. ఏసీ వేసి బండి ముందు నిలబడితే చాలు, ఫ్యాన్ తిరుగుతోందో లేదో తెలిసిపోతుంది. తిరగకపోతే మోటార్, రిలే, ఫ్యూజు, వైరింగ్ చూడాలి. తిరుగుతున్నా నెమ్మదిగా తిరుగుతుంటే మోటారు అరిగి ఉండొచ్చు. ఫ్యాన్ బాగుంటే కండెన్సర్ రెక్కల సంగతి చూడాలి. మన పల్లె రోడ్ల మీద దుమ్ము, పురుగులు, వరికోతల రోజుల్లో పొట్టు వాటి మధ్య మెత్తగా పేరుకుపోతాయి. కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో చేరిన చెత్త పైకి కనిపించదు కూడా. తక్కువ ఒత్తిడి నీటితో ఓపిగ్గా కడిగితే ఎన్నో బళ్లలో పోయిందనుకున్న చల్లదనం తిరిగొస్తుంది. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెట్టి కొడితే మాత్రం రెక్కలు వంగి గాలి దారులు మూసుకుపోతాయి.

బయలుదేరినప్పుడు చల్లగా ఉండి, గంటకో అంతకంటే ముందో గాలి జోరు సన్నగిల్లి ఆపైన వేడెక్కితే కథ వేరు. కూలింగ్ కాయిల్ మీద మంచు కట్టిందన్నమాట. గాలి ఆ మంచు దాటి రాలేదు. ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం నడిపితే కాసేపటికి బండి కింద నీళ్లు ధారగా పోతాయి, ఆ తర్వాత మళ్లీ చల్లగాలి వస్తుంది. కాయిల్ సున్నా డిగ్రీలకు దగ్గరపడగానే కంప్రెసర్‌ను ఆపించాల్సిన సెన్సార్ పని చేయకపోయినా, మట్టితో పూడిపోయిన క్యాబిన్ ఫిల్టర్ వల్ల కాయిల్ మీదికి చాలినంత గాలి రాకపోయినా ఇలా అవుతుంది. ఆ ఫిల్టర్ చాలా కార్లలో గ్లవ్‌బాక్స్ వెనకే ఉంటుంది, చేత్తో తీయొచ్చు. కొన్ని చవక మోడళ్లలో ఫిల్టరే ఉండదు. అప్పుడు రోడ్డు దుమ్ము నేరుగా తడి కాయిల్ మీద అంటుకుని బురదలా గట్టిపడుతుంది.

పొద్దున చల్లగా ఉండి మిట్టమధ్యాహ్నం ఉన్నట్టుండి చల్లదనం పోయి, బండి చల్లారాక తిరిగొచ్చే జబ్బు ఇంకొకటి. ఇందులో ఎక్కువమంది మోసపోతారు. కంప్రెసర్ ముందు ఉండే మాగ్నెట్ క్లచ్ పలక అరిగి, దానికీ పుల్లీకీ మధ్య సందు పెరిగిపోతుంది. ఆ సందు ఉండాల్సింది మిల్లీమీటరులో సగం అటూ ఇటూ. క్లచ్ కాయిల్ వేడెక్కేకొద్దీ దాని అయస్కాంత శక్తి తగ్గుతుంది, ఆ దూరం నుంచి పలకను లాక్కోలేదు. ఏసీ నొక్కినప్పుడు వినిపించాల్సిన 'టక్' శబ్దం వినిపించదు. చాలా క్లచ్‌లలో లోపలి సన్నటి వాషర్ ఒకటి తీసి సందు సరిచేస్తే తీరిపోయే పని ఇది. దీనికి కంప్రెసరే మార్చాలని అడిగే షాపులూ లేకపోలేదు. అన్ని బళ్లకూ ఇది వర్తించదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇటీవలి కొన్ని మోడళ్లలో క్లచ్ ఉండదు. కంప్రెసర్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, లోపలి కంట్రోల్ వాల్వు దాని పనిని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. అక్కడ 'టక్' కోసం చెవి పెట్టి లాభం లేదు.

క్లచ్ అసలే పట్టకపోతే ఫ్యూజు, రిలే, ప్రెషర్ స్విచ్ వరసగా చూసుకోవాలి. గ్యాస్ బాగా తగ్గినప్పుడు కంప్రెసర్ ఆయిల్ అందక పాడవకుండా ప్రెషర్ స్విచ్చే దాన్ని తిరగనివ్వదు. కొందరు రెండు వైర్లు కలిపి ఆ స్విచ్‌ను దాటించి కంప్రెసర్‌ను బలవంతంగా తిప్పుతారు. గ్యాస్ లేని కంప్రెసర్‌కు ఆయిల్ కూడా అందదు, ఎందుకంటే ఆయిల్‌ను మోసుకొచ్చేది ఆ గ్యాసే. అలా తిప్పితే కంప్రెసర్ సీజ్ అయిపోతుంది. ఇంజిన్ మరీ వేడెక్కినప్పుడు కూడా చాలా కార్లలో కంప్యూటరే ఏసీని ఆపేస్తుంది. అందుకని ఏసీ ఆగిందని విసుక్కునే ముందు టెంపరేచర్ ముల్లు వైపు ఒకసారి చూడాలి. కూలెంట్ తగ్గి ఇంజిన్ పోయే ప్రమాదాన్ని ఆ వేడిగాలే ముందుగా చెబుతూ ఉండొచ్చు.

ఇంకొక పరీక్ష ఉంది. అది ఎవరైనా చేయొచ్చు, అయినా చాలా షాపుల్లో చేయరు. ఇంజిన్ గదికీ క్యాబిన్‌కూ మధ్య గోడలోంచి లోపలికి వెళ్లే ఏసీ పైపులు రెండుంటాయి. ఏసీ నడుస్తుండగా లావు పైపు చల్లగా, చెమర్చి ఉండాలి, సన్న పైపు గోరువెచ్చగా ఉండాలి. తిరిగే బెల్టుకు, ఫ్యాన్‌కు చెయ్యి దూరంగా ఉంచి తాకి చూడాలి. లావు పైపు చల్లగానే ఉండి డాష్‌బోర్డులోంచి మాత్రం వేడిగాలి వస్తోందంటే గ్యాస్ వైపు చూడనక్కరలేదు. తప్పు లోపలి తలుపుది. హీటర్ గుండా వెళ్లే గాలినీ, చల్లగాలినీ కలిపే చిన్న ప్లాస్టిక్ తలుపు ఒకటి డాష్‌బోర్డు లోపల ఉంటుంది. పాత బళ్లలో దాన్ని కేబుల్ లాగుతుంది, కొత్త వాటిలో చిన్న మోటారు తిప్పుతుంది. కేబుల్ జారినా, మోటారు పళ్లు విరిగినా హీటర్ వేడి మొత్తం మీ మొహానికే తగులుతుంది. నాబ్ తిప్పినప్పుడు డాష్‌బోర్డు లోపల 'టికటిక' మని చప్పుడొస్తే అనుమానం ఇంచుమించు తీరినట్టే. ఇలాంటి బండికి ఎన్నిసార్లు గ్యాస్ కొట్టించినా ఫలితం ఉండదు.

జబ్బు కానిది

కొన్ని ఫిర్యాదులకు రిపేరే అక్కర్లేదు. ఎండలో నిలిపిన కారు లోపల ఏం జరుగుతుందో 2005లో పీడియాట్రిక్స్ అనే అమెరికా వైద్యపత్రికలో వచ్చిన అధ్యయనం కొలిచి చూపింది. గంటలో లోపలి వేడి సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో ఐదింట నాలుగు వంతులు మొదటి అరగంటలోనే. అద్దాలు కాస్త దించి ఉంచినా పెద్ద తేడా రాలేదు. (అందుకే పిల్లల్ని కారులో వదిలి 'ఇప్పుడే వస్తా' అని దిగి వెళ్లకండి. ఏసీ సంగతి తర్వాత, ప్రాణం సంగతి ముందు.) అలా కాగిన సీట్లు, డాష్‌బోర్డు, పైకప్పు చల్లబడాలంటే ఎంత మంచి ఏసీకైనా సమయం కావాలి. నాలుగు అద్దాలూ దించి ఒకటి రెండు నిమిషాలు నడిపి వేడిని వెళ్లగొట్టి, ఆ తర్వాత అద్దాలు ఎత్తి లోపలి గాలే తిరిగే రీసర్క్యులేషన్ వేసుకోవాలి. ఆ మీట మారి బయటి 42 డిగ్రీల గాలి లోపలికి వస్తుంటే ఏసీ బాగాలేదనిపించడం సహజం. దూర ప్రయాణాల్లో మాత్రం అప్పుడప్పుడు బయటి గాలి రానివ్వాలి. లేకపోతే ఊపిరి వదిలిన గాలే పేరుకుని డ్రైవర్‌కు మత్తు కమ్ముతుంది.

ఊరును బట్టి కూడా తేడా ఉంటుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతంలో ఏసీ శక్తిలో మంచి భాగం గాలిలోని తేమను నీరుగా మార్చడానికే పోతుంది. ఎండిపోయిన రామగుండం గాలికి ఆ బాధ తక్కువ. అందుకే ఒకే మోడల్ కారు, ఒకే గ్యాస్ ఉన్నా, రెండు ఊళ్లలో వెంట్ దగ్గర థర్మామీటర్ ఒకే అంకె చూపదు. తీరంలో బండి కింద నీళ్లు కారడం చూసి లీకని కంగారుపడేవాళ్లున్నారు. అది ఏసీ పని చేస్తోందనడానికి గుర్తు. ఆ నీరు బయటికి కాకుండా కాళ్ల దగ్గర తివాచీలోకి వస్తేనే డ్రెయిన్ పైపు పూడిందని అర్థం.

గేజీ చెప్పేది, చెప్పనిది

ఇంజిన్ ఆపి ఉండగా గేజీ తగిలించి "చూడండి సార్, ప్రెషర్ ఉంది, గ్యాస్ ఫుల్లే" అనడం, లేదా అదే చూసి "తక్కువుంది" అనడం రెండూ చెల్లవు. సిస్టంలో ద్రవం ఒక్క చుక్క మిగిలి ఉన్నంతవరకు ఆగి ఉన్నప్పటి ఒత్తిడిని నిర్ణయించేది ఉష్ణోగ్రతే. ఆర్-134ఎకు అది 30 డిగ్రీల దగ్గర సుమారు 97 పీఎస్ఐ, 40 డిగ్రీల దగ్గర సుమారు 133. నాలుగు వందల గ్రాములున్నా నూట యాభై ఉన్నా ముల్లు ఇంచుమించు అక్కడే నిలబడుతుంది. కాబట్టి బండి నడుస్తుండగా రెండువైపుల ఒత్తిడినీ కలిపి చదవాలి. రెండూ తక్కువగా ఉంటే గ్యాస్ తగ్గిందనే. రెండూ ఎక్కువగా ఉంటే కండెన్సర్ వేడి దింపలేకపోతోంది, లేదా గ్యాస్ ఎక్కువ పోశారు. పీల్చేవైపు ఎక్కువ, తోసేవైపు తక్కువ అయితే కంప్రెసర్ లోపల అరిగింది. పీల్చేవైపు ముల్లు శూన్యం వైపు జారిపోతుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వో, డ్రయరో మూసుకుపోయింది. ఇది తెలిసిన మెకానిక్ చేతిలో గేజీ పరికరం. తెలియనివాడి చేతిలో అది బిల్లుకు సాక్ష్యం మాత్రమే.

ఎక్కువ గ్యాస్ వల్ల వచ్చే నష్టం గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. 'ఇంకొంచెం కొట్టు, ఇంకా చల్లబడుతుంది' అన్నది పూర్తిగా తప్పు. ఎక్కువైన ద్రవం కండెన్సర్‌లో చోటు ఆక్రమిస్తుంది. ఒత్తిడి పెరుగుతుంది, చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ ఆయుష్షు తరుగుతుంది. ఎంత పోయాలో బానెట్ కింద స్టిక్కర్ మీద గ్రాముల్లో రాసి ఉంటుంది. కాబట్టి త్రాసు మీద పెట్టి తూచి పోయడమే సరైన పద్ధతి. చిన్న కారుకు యాభై గ్రాముల తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

లీకు వేట

ఇప్పుడు అసలు ఓపిక కావలసిన పని. గ్యాస్ నిజంగా తగ్గిందని తేలింది, మరి ఎక్కడినుంచి పోతోంది? గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా కొద్దిగా బయటికి వస్తుంది కాబట్టి జాయింట్ల దగ్గర జిడ్డుగా, మట్టి పట్టి ఉన్న మరకలే మొదటి ఆధారం. రాళ్ల దెబ్బ తినే కండెన్సర్ ముందు భాగం, పైపుల కీళ్లలోని ఓ-రింగులు, కంప్రెసర్ షాఫ్ట్ సీల్, గ్యాస్ ఎక్కించే వాల్వు పిన్ను ముందుగా చూడాల్సిన చోట్లు. ఆ పిన్ను కార్చేసినందుకు కంప్రెసర్ మార్పించుకున్నవాళ్లుంటే నేను ఆశ్చర్యపోను. మూత కూడా లేకుండా తిరిగే బళ్లెన్నో.

లీకు పట్టుకునే పద్ధతుల్లో దేని బలం దానిదే. సబ్బు నురగ చవక, పెద్ద లీకులకు చాలు. ఎలక్ట్రానిక్ డిటెక్టర్ సన్నటి లీకును కూడా పసిగడుతుంది గానీ గాలి వీస్తున్నచోట తికమకపడుతుంది. రంగు ద్రవం కలిపి కొన్నాళ్లు తిరిగాక అతినీలలోహిత దీపం వేసి చూస్తే కారిన చోటు మెరుస్తుంది. అన్నిటికంటే నమ్మదగినది ఖాళీ చేసిన సిస్టంలో పొడి నైట్రోజన్‌ను ఒత్తిడితో నింపి ముల్లు దిగుతుందేమో కనిపెట్టడం. వాక్యూమ్ నిలబడింది కాబట్టి లీకు లేదనే వాదన మనవాళ్లలో బాగా పాతుకుపోయింది. వాక్యూమ్‌లో గోడల మీద పడేది బయటినుంచి లోపలికి ఒక్క వాతావరణ పీడనం. పనిలో ఉన్నప్పుడు తోసేవైపు పడేది లోపలినుంచి బయటికి దానికి పది, పదిహేను రెట్లు. అందువల్ల వాక్యూమ్ పరీక్షలో నెగ్గి రోడ్డు మీద కార్చే బళ్లు ఉంటాయి. నైట్రోజన్ బదులు టైర్ల గాలి కంప్రెసర్ వాడటం మాత్రం తగదు. దానితో తేమ లోపలికి పోతుంది. మిగిలి ఉన్న ఆర్-134ఎ గాలితో కలిసి ఒత్తిడిలో మండే ప్రమాదమూ ఉంది.

కూలింగ్ కాయిల్ లీకయితేనే అసలు పేచీ. అది డాష్‌బోర్డు కడుపులో ఉంటుంది. చాలా మోడళ్లలో డాష్‌బోర్డు మొత్తం దించాలి. పూట పని, వేలల్లో ఖర్చు. ఓనర్ వెనకాడతాడు, మెకానిక్ కూడా "ఈ సీజన్‌కి గ్యాస్ కొట్టి లాగించండి సార్" అంటాడు. నెమ్మదిగా కారే పాత బండికి ఓనర్ జేబును బట్టి ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అయితే కాయిల్ లీకయిందని ఎలా తేల్చారో చూపించమనాలి. డిటెక్టర్ ముక్కును వెంట్ దగ్గరో, డ్రెయిన్ పైపు దగ్గరో పెట్టి చూపించొచ్చు. రుజువు లేకుండా డాష్‌బోర్డు విప్పనివ్వొద్దు. ఒకసారి విప్పాక మాత్రం కాయిల్‌తో పాటు ఎక్స్‌పాన్షన్ వాల్వు, క్లిప్పులు, ఓ-రింగులు కొత్తవి వేయించుకోవడమే మంచిది.

లీకును మూసేస్తుందని అమ్మే డబ్బా మందు జోలికి వెళ్లకండి. అది లీకుతో పాటు ఎక్స్‌పాన్షన్ వాల్వు సందునూ, గ్యాస్ తీసే మిషన్‌నూ మూసేయగలదు. అమెరికాలో ఉన్న మనవాళ్లు విడిభాగాల దుకాణంలో చిన్న డబ్బా కొని సొంతంగా గ్యాస్ ఎక్కించుకుంటుంటారు. ఆ డబ్బాకుండే ఒక్క గేజీ పీల్చేవైపు ఒత్తిడినే చూపుతుంది. లోపల ఎంత మిగిలి ఉందో, ఎంత ఎక్కిందో చెప్పదు.

రిపేరులో దారి తప్పే చోట్లు

వలయాన్ని ఒకసారి విప్పారంటే గాలి, తేమ లోపలికి చేరినట్టే. తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర మంచుగా గడ్డకట్టి దారి మూస్తుంది, గ్యాస్‌తో ఆయిల్‌తో కలిసి ఆమ్లంగా మారి లోహాన్ని తింటుంది. అందుకే గ్యాస్ ఎక్కించే ముందు వాక్యూమ్ కొట్టాలి. గాలి పీడనాన్ని ఇరవయ్యో వంతుకు దించితే మన వేసవి వేడికే నీరు మరిగి ఆవిరైపోతుంది, పంపు దాన్ని లాగేస్తుంది. అరగంటైనా పంపు నడవాలి. ఐదు నిమిషాల్లో పంపు ఆపేసి సిలిండర్ తిప్పే షాపులో మీరు కొంటున్నది వచ్చే ఏడాది రిపేరునే. డ్రయర్ పాతదైతే, లేదా వలయం ఎక్కువసేపు తెరిచి ఉంటే, దాన్నీ మార్చాలి.

కంప్రెసర్ లోపల అరిగి విరిగితే లోహపు రజను వలయమంతా పాకుతుంది. కంప్రెసర్ ఒక్కటే మార్చి పైపులు బిగిస్తే ఆ రజనే కొత్తదాన్నీ తినేస్తుంది. ఇప్పటి కండెన్సర్ల గొట్టాలు అతి సన్నటివి, ఎంత కడిగినా పూర్తిగా శుభ్రపడవు. ఇలాంటప్పుడు కండెన్సర్, డ్రయర్, వాల్వు కూడా మార్చాలని మెకానిక్ అడిగితే అది దోపిడీ కాదు. నిజాయితీగా చెప్పేవాణ్ని కూడా అనుమానించేంతగా ఈ రంగంలో నమ్మకం చెడిపోయింది. మంచి పనివాళ్లకు జరుగుతున్న పెద్ద అన్యాయం అదే.

ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్ల సంగతి వేరు. అక్కడ కంప్రెసర్‌ను తిప్పేది హై వోల్టేజి మోటారు. ఆ మోటారు తీగలు కూడా గ్యాస్, ఆయిల్ మధ్యనే ఉంటాయి. మామూలు కార్లలో వాడే పీఏజీ ఆయిల్ కలిస్తే కరెంటు లీకై బండే ఆగిపోవచ్చు. వాటికి పీఓఈ రకం ఆయిల్ వాడతారు. చాలా ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీని చల్లబరిచేది కూడా ఈ వలయమే. శిక్షణ లేనివాళ్ల చేత వాటిని ముట్టించకండి.

కల్తీ గ్యాస్ గురించి కూడా చెప్పకుండా ఉండలేను. 2011లో ఓడల శీతల కంటైనర్లు పేలి మనుషులు చనిపోయారు. ఆర్-134ఎ పేరుతో వచ్చిన కల్తీ గ్యాస్‌లోని మిథైల్ క్లోరైడ్ అల్యూమినియంతో కలిసి పేలుడు పదార్థంగా మారిందని విచారణలో తేలింది. కారు ఏసీలో కాయిల్, కండెన్సర్ రెండూ అల్యూమినియమే. చవకని వంటగ్యాస్ లాంటి మండే గ్యాసులు నింపడం ఇంకో దారుణం. కాయిల్ లీకైతే ఆ గ్యాస్ చేరేది మనం కూర్చునే చోటికే. మూతకు సీలు ఉన్న, కంపెనీ పేరు ఉన్న సిలిండర్ చూపించమని అడగడం మీ హక్కు.

గ్యాస్ మారుతోంది

1939 చివర్లో ప్యాకార్డ్ కంపెనీ కారులో మొదటిసారి ఏసీని అమ్మకానికి పెట్టింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు కార్లలో నడిచింది ఆర్-12. అలాంటి క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్ పొరను తినేస్తాయని 1974లో మొలీనా, రోలాండ్ హెచ్చరించారు. 1987 మాంట్రియల్ ఒప్పందంతో వాటికి కాలం చెల్లింది, 1995లో ఆ శాస్త్రవేత్తలకు నోబెల్ దక్కింది. వాటి స్థానంలో వచ్చిన ఆర్-134ఎ ఓజోన్‌కు హాని చేయదు. భూమిని వేడెక్కించడంలో మాత్రం వందేళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువుకు 1,430 రెట్లు. అరకిలో గాలిలోకి వదిలితే 715 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. సుమారు మూడు వందల లీటర్ల పెట్రోలు కాల్చితే వచ్చేంత. షాపులో పిన్ను నొక్కి 'బుస్'మని పాత గ్యాస్ వదిలేసే ప్రతిసారీ జరుగుతున్నది ఇదే. తీసిన గ్యాస్‌ను పట్టి, శుభ్రం చేసి మళ్లీ ఎక్కించే మిషన్లు ఉన్నాయి. అవి పెద్ద షోరూములకే పరిమితం కావడం విచారకరం.

యూరప్‌లో 2017 నుంచి కొత్త కార్లన్నిటికీ భూమిని వేడెక్కించే ఆ తాపశక్తి 150 రెట్ల లోపు ఉన్న గ్యాసే వాడాలి. అక్కడా, అమెరికాలోనూ ఇప్పుడు ఆర్-1234వైఎఫ్ నడుస్తోంది. దాని తాపశక్తి బహు తక్కువ. కానీ ధర ఎక్కువ, కొద్దిగా మండే గుణమూ ఉంది. ఆర్-134ఎ కారులో దాన్నీ, దాని కారులో ఆర్-134ఎనూ కలపకూడదు. 2016 కిగాలీ సవరణను మన దేశం 2021లో ఆమోదించింది. దాని ప్రకారం ఆర్-134ఎ వర్గపు గ్యాసుల వాడకం 2028లో ఒక హద్దు దగ్గర ఆగాలి, 2032 నుంచి తగ్గుతూ 2047 నాటికి 85 శాతం కోత పడాలి. అంటే ఇప్పుడు కొనే కారు పాతబడేనాటికి గ్యాస్ ఇంత సులువుగా, ఇంత చవకగా దొరకకపోవచ్చు. 2019లో కేంద్రం ప్రకటించిన శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక లక్షమంది టెక్నీషియన్లకు శిక్షణ లక్ష్యంగా పెట్టుకుంది. ఐటీఐల్లో ఈ పని నేర్పేటప్పుడు గదుల ఏసీలతో పాటు కార్ల ఏసీకి కూడా సరైన చోటివ్వాలి. తూచే త్రాసు, నైట్రోజన్ సిలిండర్, గ్యాస్ పట్టే మిషన్ కొనుక్కోవడానికి చిన్న షాపులకు అప్పు దొరకాలి.

ఓనర్లు చేయగలిగింది ఇప్పుడే చేయొచ్చు. ఈసారి వేడిగాలి వస్తే "గ్యాస్ పట్టించాలి" అనకండి. "ఎప్పుడు వేడెక్కుతోందో చెబుతాను, ఎందుకో చూసి చెప్పండి" అనండి. ఫ్యాను, ఫిల్టరు, కండెన్సర్, క్లచ్ ముందు చూడమనండి. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడ లీకవుతోందో చూపించమనండి. లీకు కట్టాక ఎంతసేపు వాక్యూమ్ కొట్టారో, ఎన్ని గ్రాములు పోశారో బిల్లు మీద రాయించుకోండి. ఇవి రాయడానికి ఒప్పుకోని షాపులో బండి వదలకండి.